ఎథ్నిక్ స్టడీస్ డిగ్రీకి ఎంత అప్పు చేయొచ్చు: జీతం, లోన్ లెక్క వేసే పద్ధతి

"ఎథ్నిక్ స్టడీస్ చదివితే ఏమొస్తుంది?" అమెరికాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో ముందు వచ్చే ప్రశ్న ఇదే. దీనికి జవాబు ఉండదు, ఎందుకంటే ప్రశ్నలో సగమే ఉంది. అదే డిగ్రీ 20,000 డాలర్ల అప్పుతో చేతికొస్తే ఒక లెక్క, 90,000 డాలర్ల అప్పుతో వస్తే ఇంకో లెక్క. కాబట్టి ఏ కాలేజీలో, ఎవరి పేరు మీద, ఎంత అప్పుతో అన్నది కూడా కలిపి అడగాలి. అలా అడిగితే జవాబు కాగితం మీద అంకెల్లో వస్తుంది. ఆ అంకెలు ఎలా రాబట్టాలో ఇక్కడ చెబుతున్నాం. పెన్ను, కాగితం, కాలేజీ పంపిన అవార్డ్ లెటర్ (ఎంత ఖర్చు, ఎంత సహాయం అని రాసే ఉత్తరం) దగ్గర పెట్టుకోండి.

చదువు సంగతి రెండు ముక్కల్లో. 1968 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో విద్యార్థులు మొదలుపెట్టిన సమ్మె ఫలితంగా 1969లో అక్కడ ఈ విభాగం పుట్టింది. ఆఫ్రికన్ అమెరికన్, చికానో-లాటినో, నేటివ్ అమెరికన్, ఏషియన్ అమెరికన్ అధ్యయనాలు నాలుగూ దీని కిందకే వస్తాయి. భారతీయుడికి పౌరసత్వం లేదని సుప్రీంకోర్టు తేల్చిన 1923 నాటి థిండ్ కేసు గురించీ, మనవాళ్లు ఇన్ని వేలమంది ఇక్కడికి రావడానికి తలుపు తెరిచిన 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం గురించీ పిల్లలు చదివేది ఈ క్లాసుల్లోనే. చదువు విలువ మీద మాకు పేచీ లేదు. పేచీ అంతా దానికి కట్టే ధరతోనే.

ముందుగా: ఇంట్లో ఎవరి స్టేటస్ ఏమిటి

తెలుగు కుటుంబాలకి ఇది అన్నిటికంటే ముందు చూసుకోవాల్సిన విషయం. తర్వాత లెక్కలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

పిల్లలు పౌరులో, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో అయితే ఫాఫ్సా (ఫెడరల్ సహాయానికి పెట్టే దరఖాస్తు) నింపి ఫెడరల్ గ్రాంట్లు, లోన్లు తీసుకోవచ్చు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకి ఫెడరల్ లోన్ ఒక్క డాలరు కూడా రాదు. 21 ఏళ్లు నిండాక వాళ్లు ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాల్సి వస్తుంది. అక్కడ అసలు చిక్కు ఉంది. ఎథ్నిక్ స్టడీస్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో లేదు. చదువయ్యాక ఓపీటీ (విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేసే అనుమతి) 12 నెలలే, పైన 24 నెలల పొడిగింపు ఉండదు. ఆ ఏడాదిలోపే హెచ్-1బీ స్పాన్సర్ చేసే యజమాని దొరకాలి, ఆ ఉద్యోగానికీ ఈ డిగ్రీకీ సంబంధం ఉందని చూపించాలి, లాటరీ తగలాలి. ఈ పరిస్థితిలో ఉన్న పిల్లలు ప్రైవేట్ లోన్ తీసుకుని ఈ ఒక్క మేజరే (ముఖ్య సబ్జెక్టే) చేయడం మేము సమర్థించం. ఇష్టం గట్టిగా ఉంటే స్టాటిస్టిక్స్ లాంటి స్టెమ్ మేజర్‌తో కలిపి డబుల్ మేజర్ చేయాలి.

మూడో రకం ఇల్లు కూడా మనలో చాలా మామూలే: పిల్ల ఇక్కడే పుట్టిన పౌరురాలు, తల్లిదండ్రులు మాత్రం ఇంకా హెచ్-1బీ మీద గ్రీన్ కార్డు వరసలో. పిల్లకి ఫెడరల్ లోన్ వస్తుంది. తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే పేరెంట్ ప్లస్ లోన్ మాత్రం రాదు, దానికి వాళ్లు కూడా పౌరులో గ్రీన్ కార్డుదారులో అయ్యుండాలి. ఇలాంటప్పుడు కాలేజీ ఎయిడ్ ఆఫీసు తన విచక్షణతో పిల్లకి అదనపు అన్‌సబ్సిడైజ్డ్ లోన్ (చదువుతుండగానే వడ్డీ పడేది) ఇవ్వొచ్చు. అడగనిదే ఎవరూ చెప్పరు. అడిగినా ఇచ్చినదంతా తీసుకోనక్కర్లేదు. ఎందుకో కింద లెక్కలో తెలుస్తుంది.

అవార్డ్ లెటర్‌ని మళ్లీ రాసుకోవడం

కాలేజీ పంపే లెటర్ చూస్తే అంతా సహాయంలాగే కనిపిస్తుంది. ఒక మాదిరి లెటర్ తీసుకుందాం:

- మొత్తం ఖర్చు: 34,000 డాలర్లు
- కాలేజీ గ్రాంట్: 9,000
- వర్క్ స్టడీ: 2,500
- సబ్సిడైజ్డ్ లోన్: 3,500
- అన్‌సబ్సిడైజ్డ్ లోన్: 2,000
- పేరెంట్ ప్లస్: 17,000
- మీరు కట్టాల్సింది: 0

ఆ సున్నా చూసి సంతోషపడితే మోసపోయినట్టే. ఇందులో ఊరికే వచ్చేది 9,000 ఒక్కటే. వర్క్ స్టడీ అంటే క్యాంపస్‌లో గంటల లెక్కన పనిచేసి సంపాదించుకోవాల్సిన డబ్బు. ఫీజు గడువు నాటికి అది చేతిలో ఉండదు. మిగతా మూడూ అప్పులే. అంటే అసలు ధర 34,000లోంచి 9,000 తీస్తే 25,000. ఏటా 4 శాతం పెరుగుతుందనుకుంటే నాలుగేళ్లకి 1,06,000 డాలర్లు దాటుతుంది.

ఇక్కడ తప్పు జరిగే చోట్లు మూడు. మొదటి ఏడాది స్కాలర్‌షిప్ రెండో ఏడాదికి కొనసాగకపోవచ్చు, "నాలుగేళ్లూ వస్తుందా, ఏ జీపీఏ ఉండాలి?" అని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఫీజు పెరిగినా గ్రాంట్ పెరగకపోవచ్చు. మూడోది ఐదో ఏడాది. మేజర్ ఆలస్యంగా మార్చుకున్నవాళ్లకి, క్లాసులు దొరక్క ఆగిపోయినవాళ్లకి నాలుగేళ్ల చదువు ఐదేళ్లవుతుంది, గ్రాంట్ మాత్రం నాలుగేళ్లకే ఆగిపోతుంది.

అడ్మిషన్ రాకముందే ఈ అంచనా కావాలంటే ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, అది చట్టప్రకారం పెట్టి తీరాలి. మీ ఇంటి ఆదాయం, పొదుపు నిజాయితీగా వేయండి. ఇద్దరూ ఐటీలో సంపాదించే ఇళ్లకి గ్రాంట్ భాగం చాలాసార్లు సున్నాకి దగ్గరగా వస్తుంది. బాధగా ఉన్నా ఆ అంకెనే నమ్మండి.

పిల్లల పేరు మీద ఎంత వరకు

తల్లిదండ్రుల మీద ఆధారపడిన అండర్‌గ్రాడ్ విద్యార్థికి ఫెడరల్ డైరెక్ట్ లోన్ మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, మూడు నాలుగు ఏళ్లలో 7,500 చొప్పున. నాలుగేళ్లకి కలిపి 27,000. మొత్తం జీవితకాల పరిమితి 31,000. ఇందులో సబ్సిడైజ్డ్ భాగం (చదువుకునే రోజుల వడ్డీ ప్రభుత్వమే భరించేది) ఆర్థిక అవసరం ఉందని తేలితేనే వస్తుంది. అది లేని ఇంట్లో అంతా అన్‌సబ్సిడైజ్డే, అంటే డబ్బు చేతికొచ్చిన రోజు నుంచే వడ్డీ పడుతుంది.

వడ్డీ రేటు ఏటా మేలో తేల్చి జులై 1 నుంచి ఇచ్చే లోన్లకి వర్తింపజేస్తారు. ఒకసారి తీసుకున్న లోన్‌కి ఆ రేటు చివరిదాకా మారదు. 2025-26లో అండర్‌గ్రాడ్ రేటు 6.39 శాతం. నాలుగేళ్లూ అదే రేటనుకుని, 27,000 అంతా అన్‌సబ్సిడైజ్డ్ అనుకుని లెక్క వేద్దాం. చదువు ముగిశాక వాయిదాలు అడగని ఆరు నెలల గ్రేస్ కూడా అయిపోయేసరికి మొదటి ఏడాది 5,500 మీద సుమారు నాలుగేళ్ల వడ్డీ, రెండో ఏడాది 6,500 మీద మూడేళ్లది, తర్వాతి 7,500 మీద రెండేళ్లది, చివరి 7,500 మీద ఏడాదిది పేరుకుంటుంది. అంతా కలిపి 4,090 దాకా. కట్టడం మొదలుపెట్టే రోజున బాకీ 31,090 డాలర్లు.

చదువుతుండగానే ఈ వడ్డీ కట్టేస్తే బాకీ 27,000 దగ్గరే నిలుస్తుంది. మొదటి ఏడాది నెలకి 30 డాలర్లు, చివరి ఏడాదికి వచ్చేసరికి 145 దాకా. తల్లిదండ్రులు ఏదో ఒక సాయం చేయాలనుకుంటే, ప్లస్ లోన్ తీసుకోవడం కంటే ఈ వడ్డీ కట్టడం మేలు.

2026 జులై నుంచి ఒక కొత్త నియమం: పూర్తి యూనిట్లు (క్లాసుల బరువు కొలిచే లెక్క) తీసుకోని విద్యార్థికి ఆ ఏడాది లోన్ పరిమితి కూడా ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. ఒక క్లాసు వదిలేయబోయే ముందు ఎయిడ్ ఆఫీసులో అడగండి.

జీతం అంకె ఎక్కడ దొరుకుతుంది, ఎంత నమ్మాలి

ఈ మేజర్ విషయంలో ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. అందుకే కాస్త నెమ్మదిగా వెళ్దాం.

మొదటి చోటు అమెరికా విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్. కాలేజీ పేరు వెతికి "ఫీల్డ్స్ ఆఫ్ స్టడీ" తెరిస్తే ఒక్కో మేజర్‌కి మధ్యస్థ జీతం, మధ్యస్థ అప్పు చూపిస్తుంది. ఎథ్నిక్ స్టడీస్ అన్న పేరుతోనే దొరక్కపోవచ్చు. ప్రభుత్వం మేజర్లకి ఇచ్చే సీఐపీ కోడ్ 05.02 కింద ఎథ్నిక్ స్టడీస్, బ్లాక్ స్టడీస్, ఏషియన్ అమెరికన్ స్టడీస్, విమెన్స్ స్టడీస్ అన్నీ ఒకే గంపలో ఉంటాయి. మీరు చూసే అంకె ఆ గంప మొత్తానిది, మీ పిల్ల చేరబోయే ఒక్క ప్రోగ్రామ్‌ది కాదు.

ఇంకా మూడు లోపాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఫెడరల్ సహాయం తీసుకున్న విద్యార్థుల జీతాలే అందులో ఉంటాయి. రెండు, పార్ట్‌టైమ్ చేసేవాళ్లు కూడా కలిసి ఉంటారు, అందువల్ల అంకె కిందకి లాగుతుంది. మూడు, ఏడాదికి పదీ పదిహేను మంది పట్టా పుచ్చుకునే చోట వ్యక్తిగత గోప్యత కోసం అంకెనే దాచేస్తారు. ఈ మేజర్‌లో చాలా కాలేజీల దగ్గర కనిపించేది ఆ ఖాళీ గడే. ఖాళీ అంటే ఫలితం చెడ్డదని కాదు, మంచిదని కూడా కాదు. "మధ్యస్థ అప్పు" దగ్గర ఇంకో మెలిక ఉంది: అది పిల్లల పేరు మీది ఫెడరల్ లోన్ ఒక్కటే. తల్లిదండ్రుల ప్లస్ వేరే గడిలో ఉంటుంది, ప్రైవేట్ లోన్ అసలు ఎక్కడా ఉండదు. 22,000 అప్పు అని చూసి ఊపిరి పీల్చుకున్న ఇంటికి పక్క గడిలో 40,000 ప్లస్ ఉన్నట్టు తెలియకుండానే పోతుంది.

రెండో చోటు న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ ప్రచురించే పట్టిక. అందులో ఎథ్నిక్ స్టడీస్‌కి ప్రత్యేక వరస ఉంది: 22 నుంచి 27 ఏళ్ల వాళ్ల జీతం, 35 నుంచి 45 ఏళ్ల వాళ్ల జీతం, నిరుద్యోగం, డిగ్రీ అవసరం లేని ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల శాతం, పైచదువులు చదివినవాళ్ల శాతం. ఇక్కడ జీతాలు ఫుల్‌టైమ్ వాళ్లవి, బ్యాచిలర్స్‌తో ఆగినవాళ్లవి. కాబట్టి స్కోర్‌కార్డ్ కంటే ఎక్కువ కనిపిస్తుంది. రెండూ అబద్ధం కాదు, కొలిచింది వేర్వేరు మనుషుల్ని. ఆ పట్టికలో జీతం గడి కంటే ముందు "డిగ్రీ అవసరం లేని ఉద్యోగం" గడి చూడండి. తొలి రెండు మూడేళ్లు ఎలా గడుస్తాయో అది చెబుతుంది.

మూడోది ఎవరూ పెద్దగా వాడని పద్ధతి, మాకు మాత్రం ఇదే ఎక్కువ నమ్మకం. కాలిఫోర్నియా, కొలరాడో, వాషింగ్టన్, న్యూయార్క్ రాష్ట్రాల్లో ఉద్యోగ ప్రకటనలో జీతం ఇంత నుంచి ఇంత అని రాయాలన్న చట్టాలు ఉన్నాయి. పిల్లల చేత ఒక ఆదివారం మధ్యాహ్నం ఇరవై ప్రకటనలు వెతికించండి: కమ్యూనిటీ హెల్త్ వర్కర్, నాన్‌ప్రాఫిట్‌లో ప్రోగ్రామ్ కోఆర్డినేటర్, కాలేజీలో స్టూడెంట్ అడ్వైజర్, మ్యూజియం ఎడ్యుకేషన్ అసిస్టెంట్, పారాలీగల్, యూనియన్ ఆర్గనైజర్. అనుభవం అక్కర్లేని వాటినే తీసుకోవాలి. ఆ ఇరవై ప్రకటనల్లోని కనీస జీతాల్నీ వరసగా రాసి మధ్యలో ఉన్నది తీసుకోండి. మీ ఊరి అద్దెలకి సరిపోయే అంకె అదే.

కాలేజీ కెరీర్ సెంటర్ కూడా ఒక సర్వే చూపిస్తుంది. "పట్టా పొందిన వంద మందిలో ఎంతమంది వివరాలు మీకు తెలుసు?" అని అడగండి. నలభై శాతం మంది చెప్పిన జవాబుతో వేసిన సగటుకి విలువ లేదు, ఉద్యోగం రానివాళ్లు సర్వేకి జవాబివ్వరు.

రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టడం

ఇరవై ప్రకటనల మధ్య అంకె 42,000 వచ్చిందనుకుందాం. ఇది ఊహ మాత్రమే, మీ అంకె మీరు వేసుకోవాలి. 2025 లెక్కన ఒంటరి మనిషికి ఫెడరల్ పన్ను, ఎఫ్‌ఐసీఏ (సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత) పోను నెలకి సుమారు 2,990 మిగులుతుంది. రాష్ట్ర పన్ను, హెల్త్ ఇన్సూరెన్స్ వాటా కూడా తీస్తే 2,750 చేతికొస్తుందనుకోవచ్చు. ఇంట్లో మీతో ఉంటే ఒక లెక్క, బే ఏరియాలో గది అద్దెకి తీసుకుంటే ఇంకో లెక్క.

ఇప్పుడు హద్దు గీయాలి. విద్యాశాఖ కొన్ని వృత్తి కోర్సులకి వాడిన రెండు కొలతలు ఇక్కడ బాగా పనికొస్తాయి: ఏడాది వాయిదాలు మొత్తం జీతంలో 8 శాతం మించకూడదు, లేదా పేదరిక రేఖకి ఒకటిన్నర రెట్లు తీసేశాక మిగిలిన ఆదాయంలో 20 శాతం మించకూడదు. ఒంటరి మనిషికి 2025 పేదరిక రేఖ 15,650. ఒకటిన్నర రెట్లు 23,475.

42,000 జీతానికి మొదటి కొలతతో నెలకి 280, రెండోదానితో 309. పదేళ్లలో తీరేలా 6.39 శాతం వడ్డీతో ప్రతి వెయ్యి డాలర్ల అప్పుకీ నెలకి 11 డాలర్ల 30 సెంట్లు కట్టాలి. 280ని 11.30తో భాగిస్తే 24,800. 309ని భాగిస్తే 27,300. అంటే 42,000 జీతం మోయగల అప్పు పాతిక వేలకీ ఇరవై ఏడు వేలకీ మధ్య.

జీతం 36,000 అయితే రెండు కొలతలూ 240, 209 ఇస్తాయి. మోయగల అప్పు 18,500 నుంచి 21,200. జీతం 50,000 అయితే 333, 442. అప్పు 29,500 నుంచి 39,000 దాకా. "మొదటి ఏడాది జీతం కంటే అప్పు తక్కువుంటే చాలు" అని అందరూ చెప్పే సూత్రం ఈ జీతాల దగ్గర పనిచేయదు. లక్ష డాలర్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అది సరే. నలభై వేలలో బియ్యం, అద్దె, కారు ఇన్సూరెన్స్ పోయాక మిగిలేది మరీ తక్కువ.

పిల్లల ఫెడరల్ పరిమితి 27,000 ఈ హద్దుకి కాస్త అటూ ఇటుగా ఉండటం గమనించారా? వడ్డీ చేరిన 31,090కి పదేళ్ల వాయిదా 351, రెండు కొలతలూ దాటుతుంది. వడ్డీ ముందే కట్టేసి 27,000 దగ్గర ఆపితే 305, రెండో కొలతలో పడుతుంది. మా తీర్పు ఇది: ఈ మేజర్‌కి పిల్ల పేరు మీది ఫెడరల్ లోన్ వరకు ఫర్వాలేదు, అదీ వడ్డీ పేరుకోనివ్వకుండా. దాని పైన తీసుకునే ప్రతి డాలరుకీ ప్రత్యేకమైన కారణం ఉండాలి.

పేరెంట్ ప్లస్ దగ్గర ఆగండి

పై లెటర్‌కి తిరిగి వద్దాం. నాలుగేళ్ల ధర 1,06,000. పిల్ల లోన్ 27,000 పోతే మిగిలింది 79,000. పొదుపు లేకపోతే ఇదంతా తల్లిదండ్రుల మీద పడుతుంది. 2025 జులై 4న సంతకమైన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి ఒక్కో పిల్లకి పేరెంట్ ప్లస్ ఏటా 20,000, మొత్తం 65,000 మించదు. అంటే నాలుగో ఏడాదిలో 14,000 లోటు. మూడేళ్లు చదివి డబ్బు అందక ఆగిపోవడం కంటే చెడ్డ ఫలితం లేదు: అప్పు ఉంటుంది, పట్టా ఉండదు. ఆ 14,000 ఎక్కడిదో మొదటి ఏడాది ఫీజు కట్టకముందే తేల్చుకోవాలి.

ప్లస్ వడ్డీ 2025-26లో 8.94 శాతం. పైగా 4.228 శాతం ఫీజు ముందే కోసుకుంటారు: 20,000 తీసుకుంటే కాలేజీకి చేరేది 19,154 డాలర్లు. 65,000ని కొత్త స్టాండర్డ్ ప్లాన్ ప్రకారం 20 ఏళ్లు కడితే నెలకి 582, మొత్తం 1,39,700 పైచిలుకు. అదీ చదువుకునే రోజుల్లో వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తేనే. కొత్త ప్లస్ లోన్లకి ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్ లేదు. ఉద్యోగం పోయినా, రిటైరైనా వాయిదా అంతే.

మన ఇళ్లలో ఇంకో మాట ఉంటుంది: "పేరు మాది, ఉద్యోగం వచ్చాక తనే కట్టుకుంటుంది." అప్పుడు పిల్ల మోసేది 351కి 582 కలిపి 933. చేతికొచ్చే 2,750లో మూడో వంతు. ఆ మాట అనేముందు ఈ అంకె ఇద్దరూ కలిసి చూడండి. ప్రైవేట్ లోన్ దీనికంటే నయమని అనిపించినా, కో-సైన్ చేసినవాళ్లు (హామీగా సంతకం పెట్టినవాళ్లు) పూర్తి బాధ్యులు, ఆదాయం తగ్గితే వాయిదా తగ్గించే చట్టబద్ధమైన హక్కు అందులో లేదు.

తిరిగి కట్టే పద్ధతి డిగ్రీని బట్టి మారుతుంది

2026 జులై తర్వాత తీసుకునే పిల్లల లోన్లకి రెండే దార్లు. ఒకటి స్టాండర్డ్: అప్పు 25,000 లోపైతే పదేళ్లు, 25,000 నుంచి 50,000 లోపైతే 15 ఏళ్లు. మన 31,090కి 15 ఏళ్ల వాయిదా 269, మొత్తం 48,400. పదేళ్లలో తీర్చితే 42,150. గడువు పెరిగినందుకు ఆరు వేల డాలర్ల పైన అదనం. ముందే కడితే జరిమానా లేదు కాబట్టి 269 కట్టమన్నా వీలైనప్పుడు 351 కట్టండి.

రెండోది ఆర్ఏపీ (రీపేమెంట్ అసిస్టెన్స్ ప్లాన్). పన్ను రిటర్న్‌లోని సవరించిన ఆదాయాన్ని బట్టి వాయిదా. 30,000 పైన 40,000 వరకు 3 శాతం, 50,000 వరకు 4, 60,000 వరకు 5, అలా 10 శాతం దాకా. శాతం మొత్తం ఆదాయానికి పడుతుంది, పై భాగానికే కాదు. అందువల్ల 40,000 ఆదాయానికి నెలకి 100 అయితే 40,100కి దాదాపు 134. జీతం ఈ గీత దగ్గర ఉన్నప్పుడు 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో కాస్త ఎక్కువ వేస్తే గీత కిందకి దిగొచ్చు. 42,000కి వాయిదా 140. నెల వడ్డీ 165 పైనే అయినా భయం లేదు, కట్టగా మిగిలిన వడ్డీని ప్రభుత్వం మాఫీ చేస్తుంది, అసలులోంచి 50 డాలర్ల దాకా తగ్గేలా చూస్తుంది. మిగిలిన బాకీ మొత్తం మాఫీ అయ్యేది మాత్రం 30 ఏళ్లకి.

ఎథ్నిక్ స్టడీస్ వాళ్లకి అసలు లాభం పీఎస్ఎల్ఎఫ్‌లో (ప్రజాసేవ ఉద్యోగులకి లోన్ మాఫీ చేసే పథకంలో) ఉంది. ప్రభుత్వ కార్యాలయం, ప్రభుత్వ స్కూలు, 501(సి)(3) కింద పన్ను మినహాయింపు ఉన్న నాన్‌ప్రాఫిట్ లాంటి చోట ఫుల్‌టైమ్ చేస్తూ 120 వాయిదాలు కడితే మిగిలింది పన్ను లేకుండా మాఫీ. ఈ మేజర్ చేసినవాళ్లు వెళ్లే ఉద్యోగాల్లో చాలా వాటికి ఇది వర్తిస్తుంది. 42,000తో మొదలై ఏటా 3 శాతం పెరిగే జీతంతో ఆర్ఏపీ కింద పదేళ్లలో కట్టేది సుమారు 21,400. నెలకి 351 చొప్పున పదేళ్లలో తీర్చేస్తే అయ్యే 42,150తో పోలిస్తే సగం. ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే, పదేళ్ల తర్వాత ఒకేసారి ఫారం పెట్టడం. ఏటా ఒకసారి, ఉద్యోగం మారిన ప్రతిసారీ యజమాని సర్టిఫికేషన్ ఫారం పెట్టండి. ఆ యజమాని అర్హుడో కాదో చేరకముందే స్టూడెంట్ ఎయిడ్ వెబ్‌సైట్‌లో ఈఐఎన్ (యజమాని పన్ను గుర్తింపు) నంబరుతో వెతికి చూసుకోవచ్చు. నాన్‌ప్రాఫిట్ అని పేరున్నంత మాత్రాన 501(సి)(3) కాదు.

ధర తగ్గించే దార్లు, కాలిఫోర్నియా ఉదాహరణగా

జీతం మన చేతిలో లేదు, ధర కొంతైనా ఉంది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో యూనిట్‌కి 46 డాలర్లు. అక్కడినుంచి నాలుగేళ్ల యూనివర్సిటీకి బదిలీ కావడానికి కావాల్సిన 60 యూనిట్లకి 2,760. సోషల్ జస్టిస్ స్టడీస్‌లో ట్రాన్స్‌ఫర్ డిగ్రీ ఉన్న కాలేజీలు ఉన్నాయి. తర్వాత రెండేళ్లు కాల్ స్టేట్‌లో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో). 2025-26 ట్యూషన్ 6,450, క్యాంపస్ ఫీజులు వేరు. ఇంట్లో ఉండి చదివితే ఇది అప్పు లేకుండానే అయ్యే పని. హాస్టల్, భోజనం కలిస్తే మాత్రం ట్యూషన్ కంటే వాటికే ఎక్కువవుతుంది, ఖర్చు తగ్గించాలంటే ముందు చూడాల్సింది అదే.

రెండోది డబుల్ మేజర్. ఈ మేజర్ సాధారణంగా 120 యూనిట్లలో సగం కూడా తినదు. పబ్లిక్ హెల్త్, స్టాటిస్టిక్స్, అకౌంటింగ్, ఎకనామిక్స్‌లో ఒకటి పక్కన పెట్టుకోవడానికి చోటుంటుంది, మొదటి ఏడాదిలోనే ప్లాన్ గీసుకుంటే. మూడో ఏడాదిలో మొదలుపెడితే ఐదో ఏడాది వచ్చి పడుతుంది. గ్రాంట్ దరఖాస్తు రాయడం, సర్వే డేటా చదవడం, స్పానిష్ మాట్లాడటం వచ్చిన అభ్యర్థిని నాన్‌ప్రాఫిట్లు వేరే కళ్లతో చూస్తాయి.

టీచింగ్ ఆశ పెట్టుకున్నవాళ్లకి ఒక హెచ్చరిక. కాలిఫోర్నియా హైస్కూళ్లలో ఎథ్నిక్ స్టడీస్ తప్పనిసరి చేస్తూ 2021లో ఏబీ 101 చట్టం వచ్చింది, కానీ అది నిధులు కేటాయిస్తేనే అమలవుతుంది, 2025-26 బడ్జెట్ ఆ నిధులు ఇవ్వలేదు. ఆ చట్టం మీద ఆశతో అప్పు చేయకండి. పైగా పబ్లిక్ స్కూల్లో పాఠం చెప్పాలంటే డిగ్రీ చాలదు, క్రెడెన్షియల్ (టీచర్ లైసెన్సు) కావాలి, మామూలుగా సోషల్ సైన్స్‌లో. ఆ దారి పట్టేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది: స్కూల్ డిస్ట్రిక్ట్ జీతాల పట్టిక బహిరంగం. ఏళ్లు కిందకి, యూనిట్లు పక్కకి. ఐదో ఏడాది జీతమెంతో ఇవాళే చూసుకోవచ్చు. 2020 నాటి ఏబీ 1460 వల్ల కాల్ స్టేట్ విద్యార్థులందరూ మూడు యూనిట్ల ఎథ్నిక్ స్టడీస్ చదవాలి, ఆ క్లాసులు చెప్పేవాళ్లు కావాలి. అవి మాస్టర్స్ ఉన్నవాళ్లకి, అదీ చాలాసార్లు సెమిస్టర్ సెమిస్టర్‌కి ఇచ్చే పార్ట్‌టైమ్ పోస్టులు.

రెండో అప్పు

ఈ మేజర్ నుంచి లా, సోషల్ వర్క్, పబ్లిక్ పాలసీ వైపు వెళ్లేవాళ్లు ఎక్కువ. అందుకే అండర్‌గ్రాడ్‌లో హద్దు దాటిన అప్పు ఇక్కడ రెండోసారి కరుస్తుంది. 2026 జులై నుంచి కొత్తవాళ్లకి గ్రాడ్ ప్లస్ (పైచదువుల విద్యార్థులకి ఇచ్చే ప్లస్ లోన్) లేదు. మామూలు మాస్టర్స్‌కి ఏటా 20,500, మొత్తం లక్ష. లా లాంటి వృత్తి డిగ్రీకి ఏటా 50,000, మొత్తం రెండు లక్షలు. మిగతాది జేబులోంచో ప్రైవేట్ లోన్‌లోంచో రావాలి. పీహెచ్‌డీకి మాత్రం నియమం సులువు: స్టైపెండ్, ఫీజు మినహాయింపు ఇవ్వని చోట చేరకూడదు.

చేరబోయే ప్రోగ్రామ్‌కి లోన్ ఉంటుందా

అదే 2025 చట్టం ఇంకో పరీక్ష పెట్టింది. ఒక బ్యాచిలర్స్ ప్రోగ్రామ్ పూర్తిచేసినవాళ్ల మధ్యస్థ జీతం, నాలుగేళ్ల తర్వాత, అదే రాష్ట్రంలో హైస్కూల్‌తో ఆగిన 25 నుంచి 34 ఏళ్ల వాళ్ల మధ్యస్థ జీతం కంటే మూడేళ్లలో రెండుసార్లు తక్కువైతే ఆ ప్రోగ్రామ్‌కి ఫెడరల్ లోన్ ఆగిపోతుంది. చదువు మధ్యలో ఉన్న పిల్లలకి ఇది పెద్ద దెబ్బ. స్కోర్‌కార్డ్ అంకె ఆ రాష్ట్రపు హైస్కూల్ జీతానికి అతి దగ్గరగా ఉంటే, "ఈ పరీక్షలో మీ ప్రోగ్రామ్ పరిస్థితి ఏమిటి?" అని డిపార్ట్‌మెంట్‌ని రాతపూర్వకంగా అడగండి. జవాబు తడబడితే అదే కాలేజీలో సోషియాలజీ మేజర్‌గా, ఎథ్నిక్ స్టడీస్ మైనర్‌గా పెట్టుకునే వీలుందేమో చూడండి. క్లాసులు చాలావరకు అవే, ప్రొఫెసర్లూ వాళ్లే.

ఈ కాగితాన్ని పారేయకుండా ఫ్రిజ్ మీదో ఫోల్డర్‌లోనో ఉంచి, ప్రతి జూన్‌లో కొత్త వడ్డీ రేటు, కొత్త గ్రాంట్, అప్పటిదాకా తీసుకున్న మొత్తం రాయండి. రెండో ఏడాది చివర ఆ మొత్తం 12,000 దాటి ఉంటే ఎక్కడ జారిందో అప్పుడే వెతకాలి. వాయిదాలు మొదలయ్యాక ఆటో పే పెట్టుకుంటే వడ్డీలో పావు శాతం తగ్గుతుంది.